దండగ గడి

కిందటి దసరా సెలవులకు ముందు మా కాలేజీ హాస్టల్లో జరిగిన చిన్న సంగతితో ఈ వ్యాసం మొదలుపెడతాను. సంగతి చిన్నదే గాని దాని వెనక వున్న ఆలోచన చిన్నది కాదు.

రెండో సంవత్సరం బి.ఏ. కుర్రవాడొకడు నాలుగు రోజులుగా క్లాసుకు రావడం లేదని కనుక్కోవడానికి వెళ్లాను. నలుగురు కుర్రవాళ్లు ఒక లాప్‌టాప్ చుట్టూ మూగి ఆట ఆడుతున్నారు. ఆట పేరు ‘సివిలిజేషన్’. తెర నిండా ఆరు మూలల గడులు. ఎక్కడ నగరం కడితే లాభమో తేల్చుకోలేక వాదించుకుంటున్నారు. నేను నవ్వుతూ, “మన హొళగుంద లాంటి చోట కట్టరాదా నాయనా?” అన్నాను. నేను వెతుక్కుంటూ వచ్చిన కుర్రవాడే తల ఎత్తకుండా జవాబు చెప్పాడు: “అట్లాంటి తావులో ఎవురు కడతారు సార్? పక్కన ఏరు లేదు, సరుకేమీ లేదు. దండగ గడి.”

ఆ కుర్రవాడిది హొళగుంద పక్క పల్లె. నాదీ హొళగుందే. వాడి తల్లీ తండ్రీ అప్పటికే సుగ్గికి మూటలు కట్టుకుంటున్నారు. గుంటూరు మిరపతోటల్లో కోతకు పోవడాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు. క్లాసుకు రాని కారణం కూడా అదే. ఇంటి దగ్గర ముసలమ్మనూ చెల్లెలినీ ఎవరు చూడాలన్న చిక్కు తేలక, ఊరికి పోవాలా హాస్టల్లో వుండాలా అన్న సందిగ్ధంలో ఆటలో పడ్డాడు. తను పుట్టిన నేలను వాడు అంత తేలికగా కొట్టిపారేస్తే నాకు భయం వేసింది. ఆ మాట వాడికి ఎవరు నేర్పారు?

“ఆటను ఆటగా చూడరాదా? ప్రతిదాంట్లోనూ వర్గదృక్పథం వెతకాలా?” అని మా అధ్యాపకమిత్రులు కొందరు నన్ను ఎగతాళి చేశారు. ఈ ఆట పిల్లలకు చరిత్రా భూగోళమూ నేర్పుతుందనీ, పుస్తకం ముట్టని వాడికి కూడా నదీతీరాన నాగరికతలు ఎందుకు పుట్టాయో తెలిసివస్తుందనీ ఒక మిత్రుడు గట్టిగా వాదించాడు. ఈ వాదంలో నిజం లేకపోలేదు. కనుక ముందు ఆట ఏమిటో న్యాయంగా చెప్పుకుందాం.

1991లో సిడ్ మీయర్ అనే అమెరికన్ రూపకర్త ఈ ఆటను బయటికి తెచ్చాడు. అప్పటినుంచి ఒకదాని తరువాత ఒకటిగా కొత్త రూపాలు వస్తున్నాయి. ఏడవది 2025లో వచ్చింది. ఇది వంతుల ఆట. మన వంతు రాగానే మన మనుషుల్ని కదుపుతాం, కట్టడాలు మొదలుపెడతాం, వంతు ముగించి అవతలివాడికి వదిలేస్తాం. మొదటి వంతులోనే చేతికి సెటిలర్లనే వలసదండు వస్తుంది. వాళ్లను ఏ గడిలో దించితే అక్కడ రాజధాని వెలుస్తుంది. మా కుర్రవాళ్లు ఆడుతున్న ఆరవ రూపంలో ఏటి ఒడ్డున దిగితే నగరంలో ఎక్కువమంది బతకడానికి వీలు. సముద్రపు ఒడ్డున కొంచెం తక్కువ. నీటిచుక్క లేనిచోట మరీ తక్కువ. గుట్ట మీదయితే శత్రువును కాచుకోవడం సుళువు. చుట్టూ మూడు గడుల మేర పండే తిండీ, దొరికే ఇనుమూ, పట్టూ ఆ నగరానివే. ఇదంతా చూసుకుని గడి ఎంచుకోవడమే ఆటలో మొదటి విద్య. ఆ ఎంపిక చెడితే తరువాత ఎంత తెలివి చూపినా ఆట కుంటుతుంది.

నీళ్లూ, తిండీ, రక్షణా: నగరానికి ఇవి కావాలన్న సంగతి కల్ల కాదు. భౌతిక పరిస్థితులు చరిత్రను నడుపుతాయని చెప్పే మనం దాన్ని కాదనలేం. నా అభ్యంతరం వేరే వుంది. ఈ లెక్క వెయ్యడానికి ముందే ఆట మూడు అబద్ధాలను నిజాలుగా ఒప్పించేస్తుంది. ఆ మూడూ మన పాలకవర్గాల నోట రోజూ వినపడేవే కనుక కుర్రవాడికి అవి అబద్ధాలని తోచవు.

మొదటి అబద్ధం: నేల ఖాళీగా వున్నది.

ఆట మొదలయ్యేటప్పటికి పటం మీద ఆటగాడి కంటికి ఆనే మనుషుల్లో రెండు రకాలవాళ్లను చూడండి. ఒకరు ‘అనాగరికులు’, వాళ్లను చంపాలి. రెండోది ‘గిరిజన పల్లె’. ఆటగాడి సిపాయి ఆ పల్లెలో అడుగుపెట్టగానే కొంత బంగారమో, ఒక విద్యో చేతికి వస్తుంది. మరుక్షణం ఆ పల్లె పటం మీదినుంచి మాయమవుతుంది. పల్లెవాళ్లు ఏమయ్యారని ఆట చెప్పదు, ఆటగాడు అడగడు.

ఇది కంప్యూటరు కల్పన అని కొట్టిపారెయ్యకండి. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. 1981లో ఇళ్లు పడగొట్టి మరీ జనాన్ని లేవదీశారు. అంతకు ముందు, 1953కు పూర్తయిన తుంగభద్ర డ్యాము కింద ఎన్నో పల్లెలు పోయాయి. ఆ నీళ్లతో వెలిగిన దీపాలూ పండిన పొలాలూ లెక్కలకు ఎక్కాయి. మునిగిన ఊళ్ల గతి చాలామందికి పల్లె మాయమైనట్టే వుండిపోయింది. డ్యాములు కట్టకూడదని నేననడం లేదు. తుంగభద్ర నీళ్లు లేకపోతే మా ప్రాంతం ఇంకా ఎండేది. లేచిపోయినవాడికి లెక్కలో చోటు ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

అమరావతి సంగతి చూడండి. కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ 2014 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. ఒక్కచోటే మహానగరం కట్టవద్దనీ, విజయవాడ-గుంటూరు మధ్య సారవంతమైన భూములను చెడగొట్టవద్దనీ హెచ్చరించింది. ఆ నివేదికను పక్కన పెట్టి, కృష్ణ ఒడ్డున 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ కింద తీసుకున్నారు. సింగపూరు సంస్థలు పటం గీశాయి. ఏటి ఒడ్డు, మధ్యస్థానం, పెద్ద రోడ్లు: మా కుర్రవాళ్లు వేసే లెక్కే అది. భూమి వున్న రైతుకు అభివృద్ధి చేసిన ప్లాటు ఇస్తామన్నారు. ఆ భూమిలో ఏడాది పొడుగునా పని దొరికిన కూలికి? నెలకు 2,500 రూపాయల పింఛను! మూడు పంటల మాగాణిలో కలుపు తీసిన చేతుల విలువ అది. పటం గీసినవాడి కంటికి పొలం కనిపించింది, పొలం యజమాని కనిపించాడు. కూలి మాత్రం ఖాళీ గడిలో కలిసిపోయింది.

రెండో అబద్ధం: విలువ గడిలోనే వున్నది.

ఆటలో గడి విలువ దాని మీదే రాసి వుంటుంది. ఇన్ని గింజలు, ఇంత ఇనుము. ఎడారి గడికి సున్న. మంచి గడి పుట్టుకతో మంచిది, చెడ్డ గడి పుట్టుకతో చెడ్డది. మనుషుల్లో పుట్టుకను బట్టి ఎక్కువ తక్కువలు కట్టినవాళ్లతో తరతరాలుగా పోరాడుతున్నాం. అదే నీతిని నేలకు అంటగడితే మాత్రం మనకు శాస్త్రంలా వినిపిస్తుంది.

మా హొళగుందకు దూరం లేని హంపినే తీసుకుందాం. అక్కడ విజయనగరం ఎందుకు కట్టారంటే ఒక కథ చెబుతారు. వేటకు వచ్చిన రాజు కుక్కల మీద ఒక కుందేలు తిరగబడి తరిమిందట. ఇది వీరభూమి అని తలచి అక్కడ నగరం కట్టించారట. అంటే ఆనాటి ఆస్థానం కూడా గడికే మహిమ కట్టబెట్టింది! హంపి పోయి చూసినవాడికి అక్కడ గడి మహిమ ఏమాత్రమో తెలుస్తుంది. కంటిచూపు మేర బండరాళ్లు. ఆ రాళ్ల మధ్య అరటితోటలు పెరిగాయంటే, తుంగభద్రకు ఆనకట్టలు వేసి కాలువలు తవ్వినవాళ్లు వుండబట్టి. ఆ కాలువల్లో కొన్ని నేటికీ పారుతున్నాయి. 1565లో నగరం పాడుపడింది. రాజులు పెనుకొండకు పోయారు. పొలాలకు నీళ్లు పెట్టుకునే రైతు ఎక్కడికీ పోలేదు. కుందేలు కథ మిగిలింది గాని కాలువ తవ్విన కూలివాడి కథ మిగల్లేదు.

దగ్గర ఉదాహరణ కావాలంటే ఎమ్మిగనూరు వున్నది. మా కుర్రవాడి లెక్క ప్రకారం అదీ దండగ గడే. ఆ గడిలోనే 1938లో మాచాని సోమప్పగారి పూనికతో చేనేత సహకార సంఘం పుట్టి, మగ్గం మీద బతికే వందల కుటుంబాలకు నూలూ, పనీ, అమ్మకమూ సమకూర్చి దేశమంతటా పేరు తెచ్చుకున్నది. ఆదోని పత్తి మార్కెట్టు చూడండి. నల్లరేగడి వుండగానే మార్కెట్టు రాలేదు. విత్తినవాళ్లు, ఏరినవాళ్లు, జిన్నింగు మిల్లుల్లో దుమ్ము మింగినవాళ్లు కలిసి దాన్ని తెచ్చారు. లాభం ఎవరికి చేరిందన్నది వేరే వ్యాసానికి సరిపడే విషయం.

మరి హొళగుంద? తుంగభద్ర దిగువ కాలువ మా మండలం మీదుగా పోతున్నది. ఆ కాలువ నీరు చివరి ఆయకట్టుకు చేరకుండానే ఎండిపోవడం మా రైతులకు ఏటేటా వచ్చే అనుభవం. జలాశయంలో మొదట 133 టి.ఎం.సీ.లు నిలిచేవి, పూడిక పేరుకుని ఇప్పుడు 105కు అటూ ఇటూగా నిలుస్తున్నాయి. తగ్గిన నీటికి బదులు నీరు నిలపడానికి తలపెట్టిన గుండ్రేవుల జలాశయం ఎన్నో ఎన్నికల సభలు చూసింది గాని నీళ్లు చూడలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము పందొమ్మిదో గేటు కొట్టుకుపోతే, పూడికా పాత గేట్లూ వున్నాయని పెద్దలకు ఒక్కసారి గుర్తుకు వచ్చింది. ఏరు లేదన్నాడు మా కుర్రవాడు. ఏరు వున్నది నాయనా. ఏటి నీళ్లు ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది తేల్చిన బల్ల దగ్గర మన మనిషి లేడు. కరువులో సగం మబ్బుది, సగం ఆ బల్లది.

మూడో అబద్ధం: ఆడేవాడు ఒక్కడే.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ఇది. ఆటగాడు ఆకాశంలోంచి చూస్తాడు, తనే నిర్ణయిస్తాడు. నేల మీది మనిషికి వంతు లేదు. 2018లో ఆరవ రూపానికి చేర్చిన అనుబంధంలో మటుకు ఒక చిన్న సవరణ చేశారు. సొంత జనానికి దూరంగా కట్టిన నగరంలో ‘విధేయత’ తరుగుతూ వస్తుంది. పూర్తిగా తరిగితే ఆ నగరం తిరుగుబాటు చేసి విడిపోతుంది. అంటే దూరపు ప్రజలకు ఆటలో వున్నది అలిగే హక్కు ఒక్కటే. అలిగే దాకా అడిగేవాడు లేడు.

రాయలసీమ చరిత్ర ఈ మూడో అబద్ధానికి నిలువెత్తు సాక్ష్యం. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ ఇంట్లో కోస్తా, సీమ నాయకులు ఒడంబడిక చేసుకున్నారు. అందులో రాజధాని గాని హైకోర్టు గాని సీమ కోరుకోవచ్చన్న మాట వున్నది. కృష్ణా తుంగభద్రల నీళ్లలో సీమకు ముందు వాటా అన్న మాట వున్నది. విశ్వవిద్యాలయం మాట కూడా వున్నది. ఈ మూడింటిలో నాయకులకు బాగా జ్ఞాపకం వున్నది మొదటిదే. ఎందుకని? రాజధాని వస్తే స్థలాల ధర పెరుగుతుంది, కంట్రాక్టులు వస్తాయి. నీళ్లు వస్తే రైతుకు వస్తాయి.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. గుడారాల్లో కచేరీలు నడిచాయి. అదే నెల 7న పంజాబులో చండీగఢ్‌ను రాష్ట్రపతి లాంఛనంగా ప్రారంభించారు. ఒకటి గుడారాల రాజధాని, ఒకటి విదేశీ వాస్తుశిల్పి గీసిన రాజధాని. చండీగఢ్ కోసం పల్లెల్ని లేపారు. కర్నూలు రాజధానిని మూడేళ్లకే లేపారు: 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధాని అయింది. ఆ మూడేళ్లలో హొళగుందకు ఒరిగిందేమిటి? అదే 1953లో ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి విడివడి కర్నూలు జిల్లాలో చేరాయి. మా తాతల కాలం వరకూ పనికీ, సంతకూ, చదువుకూ బళ్లారి పోయినవాళ్లం గీత గీసిన మర్నాటికి రెండు రాష్ట్రాల అంచున పడ్డాం. పేరులో కన్నడం వినిపించే ఊరు, నోట రెండు భాషలాడే జనం. ఏ పటంలో వెతికినా కొసకే దొరుకుతుంది.

ఇక్కడ మనలో మనం ఒక మాట ఒప్పుకోవాలి. 1953లో రాజధాని చర్చ వచ్చినప్పుడు కమ్యూనిస్టులు విజయవాడ-గుంటూరు ప్రాంతం వైపు నిలిచారు. ఉద్యమం బలంగా వున్నచోటు, అందరికీ మధ్యస్థమైన చోటు అన్నారు. ఆ వాదానికి కారణాలు లేకపోలేదు. అయినా కరువుసీమ పేదరైతు పక్షాన నిలవవలసిన వాళ్లు గడి బాగోగుల లెక్కలో పడితే, సీమ ఆవేదన భూస్వామి నాయకుల చేతికి చిక్కింది. ఆ చిక్కును ఇప్పటికీ విప్పలేకపోతున్నాం. 2020లో మూడు రాజధానుల చట్టం తెచ్చి కర్నూలుకు న్యాయరాజధాని అన్నారు. 2021 నవంబరులో చట్టాన్నే వెనక్కు తీసుకున్నారు. 2024లో ప్రభుత్వం మారి అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను ఇరవై ఆరు చేసినప్పుడు ఆదోనికి జిల్లా రాలేదు. ఒకరి వంతులో పెట్టిన గుర్తును మరొకరి వంతులో తీసేస్తున్నారు. ఈ వంతులన్నిటిలోనూ సుగ్గి లారీలు మాత్రం తప్పకుండా కదులుతూనే వున్నాయి.

ఇందులో వున్న వెక్కిరింపు గమనించండి. ఆటలో సెటిలర్లు దిగినచోట నగరం లేస్తుంది. మా సెటిలర్లు ఏటా గుంటూరు దిగుతారు. చేలగట్ల మీద పట్టాలు కప్పుకుని నెలల తరబడి వుంటారు. మిరపఘాటుకు చేతులు మండుతుంటే టిక్కీలు నింపుతారు. వేసవికి వెనక్కు వస్తారు. వాళ్లు దిగినచోట వాళ్లకు ఒక గుడిసె కూడా లేవదు. వాళ్లు వదిలివచ్చినచోట బడిలో పిల్లల హాజరు పడిపోతుంది. మా వైపు కోసిగి మండలం అక్షరాస్యతలో రాష్ట్రానికే అట్టడుగున నిలిచిందంటే, అది నేల గుణమా, బడి గుణమా, బతుకు గుణమా?

“అయితే నగరాలే వద్దంటావా? ఎక్కడో ఒకచోట కట్టాలి గదా” అని అడగవచ్చు. తప్పక కట్టాలి. పల్లెను పొగిడి పట్నాన్ని తిట్టే కవిత్వం నాకు సరిపడదు. పల్లెలో కులమూ ఆకలీ ఎంత చల్లగా వుంటాయో అక్కడ పుట్టిన నాకు తెలుసు. పట్నానికీ పల్లెకూ మధ్య చీలికే శ్రమవిభజనలో పెద్ద చీలిక అని మార్క్స్, ఎంగెల్సులు 1840లలోనే గుర్తించారు. ఆ తేడాను క్రమంగా చెరిపెయ్యడం కమ్యూనిస్టు ప్రణాళికలో వాళ్లు రాసిన కార్యక్రమాల్లో ఒకటి. కనుక మన ప్రశ్న ‘ఏ గడిలో నగరం?’ అన్నచోట ఆగకూడదు. నగరంలో దొరికేవాటిలో ఏవేవి హొళగుందలో దొరకాలి, ఎవరి నిర్ణయంతో దొరకాలి అన్నదాకా పోవాలి. చివరి ఆయకట్టుదాకా కాలువలో నీరు పారాలి. సుగ్గి కాలంలో పిల్లలు వుండి చదువుకోవడానికి హాస్టళ్లు కావాలి. ఆడపిల్ల బస్సులో పోయి సాయంత్రానికి ఇల్లు చేరే దూరంలో కాలేజీ కావాలి. కాన్పుకు బళ్లారి పరుగెత్తే పని లేని ఆసుపత్రి కావాలి. వీటికి రాజధాని అక్కరలేదు. వీటిని రాజధానికి బదులుగా చూపించి నోరు మూయించడానికీ వీల్లేదు.

మా కర్నూలుకు రాజధాని ఇస్తే అన్నీ వస్తాయనే సీమ నాయకులకు కూడా ఇదే నా జవాబు. కర్నూలులో హైకోర్టు వస్తే మంచిదే, అది మన హక్కు కూడా. కాని కర్నూలులో పెరిగే స్థలాల ధర హొళగుంద కూలికి అన్నం పెట్టదు. అమరావతి కూలిని ఖాళీ గడి చేసిన లెక్కే కర్నూలులోనూ నడిస్తే, మారింది గడి ఒక్కటే అవుతుంది.

అధ్యాపకులకు చివరిగా ఒక మాట. ఆటను నిషేధించాలని నేను చెప్పడం లేదు. నిషేధిస్తే దుప్పటి కింద ఆడతారు. మనం చేయవలసింది పక్కన కూర్చుని ప్రశ్న అడగడం. ఆ పల్లెవాళ్లు ఎటు పోయారు? ఈ కాలువ ఎవరు తవ్వారు? ఈ గడికి సున్న వేసింది ఎవరు? చరిత్ర పాఠం అక్కడ మొదలవుతుంది.

ఆ రోజు హాస్టల్లో నేను అదే చేశాను. కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఐతే సార్, ఇట్లా కాకుండా వేరే ఆట యాడుంది?” అన్నాడు. నాకు మా ఊరి గుడి అరుగు మీద రాతిలో చెక్కిన పులిజూదం గీతలు జ్ఞాపకం వచ్చాయి. మా ముసలివాళ్లు ఎండ తగ్గేదాకా గులకరాళ్లతో ఆడేవాళ్లు. అందులోనూ బలం సమానం కాదు: పులి మేకను మింగుతుంది, మేక పులిని మింగలేదు. అయితే మేకకూ వంతు వున్నది. మేకలు ఒకదానికొకటి దన్నుగా నిలిస్తే పులికి కదిలే దారి వుండదు. ఆ సంగతి చెబితే, “మా అవ్వకు ఆడను వస్తాది సార్” అన్నాడు.

సెలవుల తరువాత వాడు కాలేజీకి తిరిగి వచ్చాడు. చెల్లెలు మాత్రం బడి మాని తల్లిదండ్రులతో సుగ్గికి పోయింది. ఎనిమిదో తరగతి. ఆ పిల్ల వంతు ఎప్పుడు వస్తుందో ఈ పత్రిక చదివే మనం జవాబు చెప్పాలి.